పొగ జ్ఞాపకంలో కనిపించని చేతులు: చాటువు నుంచి సైబరాబాదు దాకా

ప్రవేశిక

మాదాపూరులో ఐటీ కార్యాలయాల ఎదుట ఉన్న టీ కొట్ల దగ్గర తరచుగా వినిపించే మాటల్లో ‘సుట్టా’ ఒకటి. హిందీ యువజనుల వాడుక నుంచి వచ్చిన ఈ మాటకు సిగరెట్టు అని అర్థం. తెలుగు ‘చుట్ట’తో దీనికి వ్యుత్పత్తి సంబంధం ఉందని వాదించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే ఆ మాట చెవిని పడగానే తెలుగువారికి తాతగారి చుట్ట గుర్తుకు రావడం సహజం. ఈ పరిశీలన ఆ గుర్తుకు రావడం దగ్గరే మొదలవుతుంది. ఇటీవలి దాకా ఈ ప్రాంతంలో నడిచిన హుక్కా కేంద్రాలు కొన్ని నవాబుల కాలపు అలంకరణతో ఉండేవి. పొగ తాగడానికి ఒకప్పుడు ఒక స్వర్ణయుగం ఉండేదని, అది గడిచిపోయిందని, రుసుము చెల్లిస్తే గంటసేపు తిరిగి దొరుకుతుందని ఆ అలంకరణ మౌనంగా చెప్పేది.

పోయిన కాలం మీద ఇలాంటి మమకారానికి పాశ్చాత్య విమర్శలో ‘నోస్టాల్జియా’ అని పేరు. 1688లో స్విట్జర్లాండుకు చెందిన వైద్య విద్యార్థి యోహానెస్ హోఫర్ ఇంటి మీద బెంగతో వచ్చే జబ్బుకు ఈ పేరు పెట్టాడు. 2001లో స్వెత్లానా బోయిమ్ దీన్ని రెండు రకాలుగా విభజించింది. పోయినదాన్ని యథాతథంగా తిరిగి కట్టుకోవాలని చూసేది మొదటిది. పోయిందన్న ఎరుకతోనే దాన్ని తరచి చూసేది రెండవది. వీటిని ఈ వ్యాసంలో పునఃస్థాపక స్మృతి, విచారణాత్మక స్మృతి అని వ్యవహరిస్తాను.

పొగకు సంబంధించిన తెలుగు పాఠ్యాలలో పునఃస్థాపక స్మృతి ఎలా తయారైందో, ఆ తయారీలో ఎవరు తప్పిపోయారో చూపడం ఈ వ్యాస లక్ష్యం. పరిశీలనకు తీసుకున్నవి నాలుగు: పొగాకును స్తుతించే చాటువులు, గురజాడ ‘కన్యాశుల్కం’, 1964 నాటి ఒక సినిమా పాట, సైబరాబాదులోని హుక్కా కేంద్రాల అలంకరణ. నాలుగవది సాహిత్యం కాదన్న అభ్యంతరం రావచ్చు. అయితే మొదటి మూడు పాఠ్యాలు నిర్మించిన జ్ఞాపకం నేడు ఎక్కడ అమ్ముడుపోయిందో చూడకుండా వాటి ప్రభావాన్ని అంచనా వేయలేం.

తాంబూలం నుంచి పొగాకుకు

పొగాకు అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసు వర్తకం ద్వారా పదహారవ శతాబ్దంలో భారతదేశపు పడమటి తీరానికి చేరింది. అక్కడి నుంచి దక్కనుకు, దక్కను నుంచి ఉత్తరాదికి పాకింది. దీనికి లిఖిత సాక్ష్యం అక్బరు పాలన చివరి ఏళ్లలో బిజాపూరుకు రాయబారిగా వెళ్లిన అసద్ బేగ్ రచనలో ఉంది. అతడు బిజాపూరులో పొగాకును చూసి, ఆగ్రాకు తిరిగి వెళ్లేటప్పుడు రత్నాలు పొదిగిన గొట్టంతో సహా తీసుకుపోయి చక్రవర్తికి సమర్పించాడు. అక్బరు కుతూహలంతో కొద్దిగా పీల్చాడు. ఎన్నడూ పరీక్షించని పదార్థమని వైద్యులు అడ్డుచెప్పారు. 1617లో జహంగీరు పొగాకును నిషేధించాడు. అంటే ఈ దేశంలో పొగగొట్టం ప్రవేశించిన మొదటి రోజుల్లోనే ఆకర్షణ, అభ్యంతరం, నిషేధం మూడూ ఉన్నాయి. ఎవరూ ఏమీ అనని అమాయకమైన ఆదికాలం ఒకటి దానికి లేదు.

1591లో హైదరాబాదు నిర్మాణం ఆరంభమయ్యేనాటికి దక్కనులో పొగ ఇంకా కొత్త. మన ప్రాచీన కావ్యాలలో విలాసానికి గుర్తు తాంబూలం. కవిత్వం చెప్పడానికి ఏమేమి అమరాలో ఏకరువు పెట్టే పద్యం ఒకటి పెద్దన పేరిట ప్రచారంలో ఉంది. అందులో కర్పూర తాంబూలం ఉంది, ఇంపైన భోజనం ఉంది, ఉయ్యాల మంచం ఉంది, పొగ లేదు. అది ఉండడానికి వీలూ లేదు.

భాష ఈ కొత్తదనాన్ని నిజాయితీగా నమోదు చేసింది. ‘పొగాకు’ అనే సమాసం పొగ, ఆకు అనే రెండు పాత మాటలతో ఒక కొత్త వస్తువుకు ఇచ్చిన పేరు. ‘చుట్ట’ అన్నది చుట్టడమనే క్రియ నుంచి వచ్చింది. ‘హుక్కా’ అరబ్బీ నుంచి, ‘చిలుము’ పారశీకం నుంచి వచ్చిచేరాయి. పేర్లలో ఏదీ అనాది కాలానిదినని చెప్పుకోదు. ఆ పని కవిత్వం చేసింది.

చాటువు కల్పించిన ప్రాచీనత

పొగాకును స్తుతించే చాటువుల్లో రెండు ప్రసిద్ధం. సంస్కృత శ్లోకంలో, భూలోకంలో సారభూతమైన వస్తువేదని ఇంద్రుడు బ్రహ్మను అడుగుతాడు. బ్రహ్మ నాలుగు ముఖాలతోనూ ‘తమాఖువు’ అనే ఒక్క జవాబే చెబుతాడు. తెలుగు కందపద్యంలో, గరుత్మంతుడు తెస్తున్న అమృతం నుంచి ఒక చుక్క నేల రాలి పొగాకు మొక్కగా పుడుతుంది. ఆ పొగ తాగనివాడికి వచ్చే జన్మలో దున్నపోతు పుట్టుక తప్పదన్నది ఫలశ్రుతి.

రెండింటిలోనూ హాస్యమే ప్రధానమన్నది నిర్వివాదం. హాస్యానికి వాడుకున్న యంత్రాంగం మాత్రం గమనించదగినది. పురాణంలో ఒక వస్తువుకు గౌరవం రావాలంటే ఉత్పత్తి కథ, దేవతల సాక్ష్యం, ఫలశ్రుతి ఉండాలి. తులసికీ మారేడుకూ ఉన్న ఆ మూడింటినీ చాటుకవులు నిన్నమొన్న ఓడ దిగిన ఆకుకు తొడిగారు. విదేశీ వస్తువుకు స్వదేశీ వంశావళి దొరికింది. వినేవాడు నవ్వుతాడు, నవ్వుతూనే కంఠస్థం చేస్తాడు. కంఠస్థమైన పద్యం హాస్యపు సందర్భాన్ని విడిచి ప్రమాణంగా మిగులుతుంది. పొగ విషయంలో పునఃస్థాపక స్మృతికి తెలుగులో తొలి మెట్టు ఇదేనని నా అభిప్రాయం. మరవడానికి తగినంత గతం ఏర్పడకముందే ఇక్కడ జ్ఞాపకం తయారైంది.

ఈ వంశావళిలో దేవతలు ఉన్నారు, తాగేవాడు ఉన్నాడు. ఆకును పెంచినవారు, కోసినవారు, ఎండబెట్టినవారు లేరు. అమృతపు చుక్క నుంచి పుట్టిన మొక్కకు వ్యవసాయం అక్కరలేదు కదా!

గిరీశం చేతిలో చుట్ట

1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పెరిగి కొత్త రూపం పొందిన ‘కన్యాశుల్కం’లో ఆ కందపద్యం గిరీశం నోట వినిపిస్తుంది. గురజాడ ఆ పద్యాన్ని ఎవరి నోట పెట్టాడన్నదే విమర్శకు కీలకం. గిరీశం ఏ ప్రమాణాన్నైనా తన అవసరానికి వంచగలడు. సంస్కరణను, ఇంగ్లీషు చదువును, వేదాంతాన్ని అతడెలా వాడుకుంటాడో పురాణ ఫక్కి పద్యాన్నీ అలాగే వాడుకుంటాడు. అతడి శిష్యరికంలో తనకు అబ్బిందల్లా చుట్ట కాల్చడమేనని వెంకటేశం మొదటి అంకంలోనే వాపోతాడు. అక్కడ చుట్ట వట్టి విద్యకు సంకేతం.

కనుక ఈ నాటకంలో చాటువు ప్రమాణంగా రాలేదు. ప్రమాణాలను ఎలా కల్పిస్తారో చూపే ఉదాహరణగా వచ్చింది. చాటువు కల్పించిన ప్రాచీనతను గురజాడ ఒక వంచకుడి నోట పలికించి విప్పి చూపాడు. విచారణాత్మక స్మృతికి తెలుగులో ఇంతకన్నా మంచి నమూనా దొరకడం కష్టం.

ఆదరణ చరిత్ర మాత్రం వేరు దారి పట్టింది. నాటకాన్ని చదవనివారికి కూడా ఆ పద్యం చివరి పాదం నోటికి వచ్చు. స్నేహితుల మధ్య, పెళ్లిపందిళ్ల దగ్గర దాన్ని పొగకు సమర్థనగానే చెప్పుకోవడం తెలుగు దేశమంతటా వినవచ్చు. గిరీశం వంచన జారిపోయి, గిరీశం సొగసు మిగిలింది. గురజాడ విప్పిన ముడిని పాఠకలోకం మళ్లీ వేసుకుంది. గిరీశం పట్ల మనకున్న మోజును గూర్చి విమర్శకులు చాలా చర్చించారు. ఆ మోజులో చుట్ట పొగ వాటా ఎంతో వేరుగా లెక్కించవలసి ఉంది.

నాటకం తొలిసారి ప్రదర్శితమైన కాలానికే తెలుగు నేల చుట్టకు ప్రపంచంలో ఒక పేరుండేది. గోదావరి లంకల్లో పండే ఆకుతో చేసిన చుట్టను ఇంగ్లీషువారు ‘లంకా’ అనేవారు. 1890లో వెలువడిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో, పైపు తాగడానికి ప్రసిద్ధుడైన షెర్లాక్ హోమ్స్ బూడిదను బట్టి పొగాకు రకాన్ని గుర్తించే తన విద్యను వివరిస్తూ ఈ చుట్టను పేర్కొంటాడు. హోమ్స్ బూడిద నుంచి తాగినవాడి దగ్గరకు వెళ్లగలడు. లంకల్లో వరద తీశాక ఒండ్రుమట్టిలో ఆ ఆకును పెంచిన రైతుకూలీ దగ్గరకు వెళ్లడానికి ఆ విద్య చాలదు. అమృతపు చుక్క కథలోనూ, అపరాధ పరిశోధన కథలోనూ ఖాళీ ఒకచోటే ఉంది.

1964: వాదులాటలో స్త్రీ

‘రాముడు భీముడు’ (1964) చిత్రానికి కొసరాజు రాఘవయ్య చౌదరి రాసిన సిగరెట్టు పాట ఈ చరిత్రలో తరువాతి మెట్టు. అది స్త్రీ పురుషుల మధ్య సంవాదం. పురుషుడు సిగరెట్టును దొరల విలాసంగా పొగుడుతాడు. స్త్రీ దాని కంపును, ఖర్చును, జబ్బును ఎత్తిచూపుతుంది. గిరీశం పద్యం ఇందులోనూ సాక్ష్యానికి వస్తుంది. సిగరెట్టు కవిత్వానికి తోడని అతడంటే, అది పైత్యమని ఆమె అంటుంది. పెద్దన పేరిట ఉన్న పద్యంలో తాంబూలానికి దక్కిన స్థానానికి నాలుగు వందల ఏళ్ల తరువాత సిగరెట్టు పోటీకి వచ్చిందన్నమాట.

ఈ పాటలో క్యాన్సరు ప్రస్తావన ఉండడం విశేషం. పొగకూ ఊపిరితిత్తుల క్యాన్సరుకూ సంబంధాన్ని నిర్ధారించిన అమెరికా సర్జన్ జనరల్ నివేదిక వెలువడింది అదే ఏడాది జనవరిలో. కొసరాజు ఒక ప్రజా వినోద గీతంలో వైద్యుల హెచ్చరికను నమోదు చేశాడు. జానపద సంవాద ఫక్కిలో ఇరుపక్షాలకూ సమానంగా చతురతను పంచాడు. ఇది ఆ పాట సాధించిన ఘనత.

ఈ పంపకంలో ఒక పరిమితి కూడా ఉంది. పొగ తాగేది పురుషుడు, వద్దనేది స్త్రీ అన్న విభజనను పాట సహజమైనదిగా తీసుకుంది. పట్టణ మధ్యతరగతి ఇంటికి అది సరిపోవచ్చు. తెలుగు నేల మొత్తానికి సరిపోదు. పాట విడుదలైననాటికి ఉత్తర కోస్తా గ్రామాల్లో వేలమంది స్త్రీలు రోజూ చుట్ట తాగుతున్నారు. వారు ఆ సంవాదంలో ఏ పక్షాన నిలబడాలి?

అడ్డపొగ

శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల స్త్రీలు చుట్టను తాగే పద్ధతి వేరు. వెలిగించిన కొసను నోటి లోపల ఉంచుకుంటారు. దీన్ని ‘అడ్డపొగ’ అంటారు. గాలికి నిప్పు ఆరదని, పనిలో ఉన్నప్పుడు బూడిద రాలదని, చుట్ట ఎక్కువసేపు వస్తుందని, పెద్దల కంట పడదని కారణాలు చెబుతారు. ఈ కారణాల్లో ఏ ఒక్కటీ విలాసానికి సంబంధించింది కాదు; అన్నీ శ్రమకు, పొదుపుకు, చాటుకు సంబంధించినవే. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి పిండ్‌బోర్గ్ బృందం 1971లో ప్రచురించిన అధ్యయనం, ఈ అలవాటు అంగిలి మీద కలిగించే మార్పులను వివరించింది. దంతవైద్య గ్రంథాలలో ఆంధ్రదేశపు స్త్రీ ఇలా ప్రవేశించింది. సాహిత్య చరిత్రలోకి మాత్రం ఆమె చుట్ట ఒక చర్చనీయాంశంగా రాలేదు.

ఇక్కడ ఒక స్వీయ ప్రస్తావనకు పాఠకుల అనుమతి కోరుతున్నాను. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది. మా ఇంట్లో తాత చుట్ట గురించి కథలు ఎన్నో ఉన్నాయి: ఏ లంక ఆకు కోరేవాడో, ఎవరితో పందెం వేసి ఎన్ని కాల్చాడో, అరుగు మీద కూర్చుని చుట్ట ముట్టించాడంటే ఊరి తగవులు ఎలా తీరేవో. చుట్ట చేతపట్టుకుని తీయించుకున్న ఫోటో ఒకటి ఇప్పటికీ గోడకు ఉంది. నాయనమ్మ చుట్ట గురించి ఒక్క కథా లేదు. ఆమె అంగిలి మీద పుండు గురించి మాత్రం ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. ఇద్దరూ తాగింది ఒకే ఆకు. ఒకరిది జ్ఞాపకమైంది, మరొకరిది జబ్బైంది.

ఈ తేడా మా ఇంటికే పరిమితం కాదని పై పాఠ్యాలు చెబుతున్నాయి. చాటువు తాగేవాడిని పురుషుడిగానే ఊహించింది. గిరీశం చుట్టను గురుశిష్యుల మధ్య మగ చదువుగా చేశాడు. సినిమా పాట స్త్రీని అభ్యంతరం చెప్పే పాత్రలో నిలిపింది. పొగను స్వేచ్ఛకు, తీరికకు, మాటకారితనానికి గుర్తుగా నిలబెట్టాలంటే, పనిమధ్యలో నిప్పును నోట దాచుకున్న స్త్రీని పక్కన పెట్టక తప్పదు. ఆమె కనిపిస్తే జ్ఞాపకం అందం చెడుతుంది.

పొగాకు పరిశ్రమకూ ఇదే వర్తిస్తుంది. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో వర్జీనియా పొగాకు విస్తరించాక, బ్యారన్లలో కాల్చిన ఆకును రకాలుగా వేరుచేసే గ్రేడింగ్ పనిలో ఎక్కువమంది స్త్రీలే. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడి, పంటకు, వేలానికి లెక్కలు వచ్చాయి. పొగను తలచుకునే వ్యాసాల్లో, సంభాషణల్లో ఆ ఆకు ధూళిని రోజంతా పీల్చిన స్త్రీల లెక్క అరుదు.

సైబరాబాదులో నవాబు

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి రూపురేఖలు మారిపోయాయి. రాతిగుట్టలు, పొలాలు ఉన్న చోట కార్యాలయాలు వెలిశాయి. తనకంటూ ప్రాచీన స్మృతి లేని కొత్త నగరానికి గతాన్ని ఎక్కడినుంచో తెచ్చుకోవలసి వచ్చింది. హుక్కా కేంద్రాల అలంకరణ పాతనగరం నుంచి అరువు తెచ్చుకున్న గతం. కమాను ద్వారాలు, జాలీ తెరలు, బాలీసులు, మధ్యలో పొడవాటి గొట్టంతో హుక్కా.

ఆ హుక్కాకు నిజమైన పూర్వరూపం సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. జస్తు, రాగి కలిపిన లోహంపై వెండి తీగ పొదిగి, బీదరు కోట మట్టితో నల్లబరచిన బిద్రీ హుక్కా పాత్రలు చూపరులను నిలబెట్టేస్తాయి. ఆ పనితనం చూసి ముచ్చటపడని వారుండరు. అయితే అద్దం వెనక ఉన్నది పాత్ర మాత్రమే. సంపన్నుల ఇళ్లలో హుక్కాను సిద్ధం చేసి, నిప్పు చూసి, వెంట మోసుకుని తిరగడానికి ‘హుక్కాబర్దారు’ అనే సేవకుడు ప్రత్యేకంగా ఉండేవాడు. వస్తువు మ్యూజియానికి చేరింది, బర్దారు చేరలేదు. హుక్కా కేంద్రంలో బొగ్గు మార్చడానికి వచ్చే కుర్రవాడు ఆ బర్దారుకు వారసుడే. అలంకరణ చెప్పే కథలో మాత్రం వచ్చినవాడు నవాబు, కుర్రవాడు ఎవరూ కాదు.

హైదరాబాదు పేరును పొగతో ముడిపెట్టడం కొత్త కాదు. 1930లో ఏర్పడిన వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ చార్మినార్ పేరిట అమ్మిన సిగరెట్టు దేశమంతా తిరిగింది. కట్టడం కట్టిననాటికి ఊరికి కొత్తయిన వస్తువు, తరువాత ఆ కట్టడం పేరునే ధరించింది. చాటువు చేసిన పనినే వ్యాపారం మరో రూపంలో చేసింది: కొత్తదానికి పాత వంశం ఇచ్చింది.

2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ హుక్కా కేంద్రాలను నిషేధిస్తూ 2003 నాటి కేంద్ర చట్టానికి సవరణను ఆమోదించింది. ఆరోగ్యం దృష్ట్యా ఈ చర్యను సమర్థించేవారిలో నేనూ ఒకరిని. అయితే నిషేధం వస్తువును తొలగించగలదు, కథను తొలగించలేదు. మూతపడిన కేంద్రాల మీద అప్పుడే కొత్త బెంగ మొదలైంది. నా వయసు ఉద్యోగులు, ఇంకా ముప్ఫై నిండనివారు, ‘ఆ రోజులే వేరు’ అనడం విన్నాను. జ్ఞాపకం తయారుకావడానికి ఎంత కొద్ది కాలం చాలునో చాటుకవులకు ముందే తెలుసు.

ఆ ముచ్చట విన్న సాయంకాలమే, గచ్చిబౌలిలో ఒక నిర్మాణ స్థలం పక్కన ఇటుకల వరుస మీద ఇద్దరు కూలి స్త్రీలు కూర్చుని ఉండడం చూశాను. యాస శ్రీకాకుళానిది. పెద్దామె నోటిలో చుట్ట ఉంది. వెలిగిన కొస బయటికి కనిపించడం లేదు. నేను పలకరిస్తే చుట్ట తీసి కొంగు చాటున పెట్టుకుంది. ఆమె నా పరిశోధనాంశం కాదు. నేను చదివిన పాఠ్యాలన్నింటిలోనూ లేని మనిషి అక్కడ ఉందని మాత్రం గుర్తించాను.

ముగింపు

పొగను తలచుకోవద్దని చెప్పడం విమర్శ పని కాదు. చాటువులో చమత్కారం ఉంది, గిరీశం మాటలో ప్రాణం ఉంది, బిద్రీ పాత్రలో కళ ఉంది. వాటిని ఆనందించడానికి పొగను సమర్థించనక్కరలేదు. ఇక్కడ పరిశీలించిన పాఠ్యాలను బట్టి మూడు విషయాలు తేలుతున్నాయి. పొగకు తెలుగులో ఉన్న ప్రాచీనత చరిత్రలో లేదు, కవిత్వం కల్పించింది. ఆ కల్పనను గురజాడ విప్పి చూపినా ఆదరణ దాన్ని మళ్లీ కల్పనగానే నిలుపుకుంది. ఈ జ్ఞాపకం తాగే పురుషుడి తీరికను దాచుకుని, ఆకు పండించిన, వేరుచేసిన, నిప్పు మోసిన, నోట నిప్పు దాచుకున్న చేతులను విడిచిపెట్టింది.

అందువల్ల గతవ్యామోహం గల పాఠ్యాలను చదివేటప్పుడు ‘ఏమి గుర్తుంది?’ అన్న ప్రశ్నతో పాటు ‘ఎవరి చేతిలో ఉన్నట్టు గుర్తుంది?’ అన్న ప్రశ్న కూడా వేయాలి. కూలి పాటల్లో, ఉత్తరాంధ్ర కథల్లో, స్త్రీల మౌఖిక కథనాల్లో చుట్ట ప్రస్తావనలను సేకరించి, ఈ చదువును ముందుకు తీసుకుపోవలసిన అవసరం ఉంది. చెప్పగలిగిన తరం ఇంకా మన మధ్య ఉన్నప్పుడే ఆ పని జరగాలి. మా ఇంటి గోడ మీద తాత ఫోటో అలాగే ఉంటుంది. దాని పక్కన పెట్టడానికి నాయనమ్మ ఫోటో లేదు కనుక, కనీసం ఆ ఖాళీని చదవడం నేర్చుకోవాలి.